కాలినడక యాత్రికుల రాత్రి మకాములు



పురట్టాసి నెల వచ్చినదంటే మా తిరుత్తణి మీదుగా పోవు రస్తా వెంబడి పసుపు బట్టలవారే కనబడుదురు. చెన్నపట్టణము, తిరువళ్ళూరు, ఆరక్కోణము ప్రాంతముల నుండి తిరుమలకు కాలినడకను పోవు భక్తులు వీరు. చెన్నపట్టణము నుండి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు. నాలుగైదు దినముల నడక. కనుక మూడు నాలుగు రాత్రులు దారిలో ఎచ్చటనో తల వాల్చక తప్పదు. ఆ చోటు నేడు లారీలు పరుగులిడు జాతీయ రహదారి అంచు.

వీరు అచ్చటనే ఏల పరుండవలెనని కొందరు విసుగుకొనుట విన్నాను. కారణము లేకపోలేదు. పెట్రోలు బంకు వద్ద దీపమున్నది, నీరున్నది, మరుగుదొడ్డి యున్నది. ప్రక్కన టీ కొట్టు రాత్రి చాల ప్రొద్దు వరకు తెరచియుండును. ఆడువారు, పిల్లలు గల గుంపునకు చీకటి తోపుకంటె ఈ వెలుగే ధైర్యము. అయితే వెనుకకు నడుపు లారీవానికి నేలపై పరుండినవాడు కానరాడు.

పూర్వము సత్రములు, చావడులు, చలిపందిళ్ళు మనిషి నడకను బట్టి ఏర్పడినవి. 1689 మొదలు మధుర నేలిన మన తెలుగు నాయకరాణి మంగమ్మ కట్టించిన సత్రములను, వేయించిన బాటలను తమిళ సోదరులు నేటికిని ఆమె పేరనే పిలుచుచున్నారు. ఆనాడు బాట ఊరి నడుమ నుండి పోయెడిది గనుక సత్రమును బాటపైననే ఉండెడిది. ఇప్పుడు బైపాసు ఊరిని తప్పించుకొని పోవుచున్నది. మిగిలిన సత్రము కిలోమీటరో రెండో లోపల, తాళము పడియో, అంగళ్ళకు అద్దెకు పోయియో యుండును. కాళ్ళు బొబ్బలెక్కినవాడు అంత దూరము లోనికి పోయి తెల్లవారుజామున మరల వచ్చునా?

రహదారుల శాఖవారు దారి వసతులు తలపెట్టకపోలేదు. అవి 40 మొదలు 60 కిలోమీటర్లకు ఒకటి. కారుకు అది గంటలోపు మాట; పాదచారికి రెండు దినములు! ఈ లెక్క వేసినవారు కాలినడక యెరుగరు కాబోలు.

నేను కోరునది భవనములు కాదు. రోడ్డు వంపులు సరిచేసినప్పుడు విడిచిన పాతబాట తునకలు, చింతచెట్లతో సహా, అక్కడక్కడ మిగిలియున్నవి. 15 కిలోమీటర్లకొక చోటు ఎంచి, రహదారి వైపున గట్టి అడ్డుకట్ట, ఒక కొళాయి, నాలుగు మరుగుదొడ్లు, రాత్రి దీపము ఏర్పరచిన చాలును. అట్టి స్థలము దొరకనిచోట బడి ఆవరణ తెరువవచ్చును. తమిళనాట త్రైమాసిక పరీక్షల సెలవులు సాధారణముగ ఆ రోజులలోనే వచ్చును. మా కొండకు ఆడికృత్తికకు కావడులతో నడచివచ్చువారికిని ఇవే పనికివచ్చును. దారి పొడవున పులిహోర పెట్టు దాతలకు కొదువలేదు; పరుండ చోటు చూపువారు అరుదు. గుంపు పెద్దలును చీకటిలో నడచువారి వీపున మెరిసెడి పట్టీ అంటింపవలెను.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి నాటి మద్రాసు రాష్ట్రములో చేరినది. ఈ బాట రెండు ప్రభుత్వముల పాలయినది. మేము ఈవల, నగరి, పుత్తూరు ఆవల. నడచువానికి సరిహద్దు తెలియదు, తెలియనక్కరలేదు. ఉభయ రాష్ట్రముల జిల్లా అధికారులు, దేవస్థానమువారు ఏటేట ఆడి నెలకు ముందే ఒకచోట కూర్చుండి ఈ చోట్లను నిర్ణయించి, వాటి పట్టికను తెలుగు, తమిళములలో ప్రకటింప ప్రార్థన.

ఇట్లు,
ఒక పాఠకుడు,
తిరుత్తణి