షెల్ మారుస్తున్నారా... ఓ తలుపు తెరిచే ఉంచండి!

పాస్‌వర్డ్ కరెక్టే. అక్షరం తేడా లేదు. అయినా లైనక్స్ లోపలికి రానివ్వదు! ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాల్సిన రోజే ఇలా జరిగితే ఇంట్లో ఎంత కంగారో చెప్పక్కర్లేదు. కారణం చాలాసార్లు చిన్నదే... ముందురోజు సరదాగా మార్చిన ‘షెల్’.

మనం టైప్ చేసే ఆదేశాల్ని చదివి పని చేయించేదే షెల్. ఎక్కువ లైనక్స్‌లలో లాగినవగానే వచ్చేది బాష్. 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసిందిది. యూనిక్స్‌లో అంతకుముందున్న స్టీఫెన్ బోర్న్ షెల్ మీద చమత్కారంగా ‘బోర్న్ ఎగైన్ షెల్’ అన్నారు, అదే పొట్టిగా బాష్. తర్వాత 1990లో జెడ్ షెల్ వచ్చింది. 2019లో యాపిల్ తన మ్యాక్‌లలో దీన్నే డీఫాల్ట్ చేసింది. తప్పు కొడితే సరిదిద్దుతుంది, రంగులూ హంగులూ బోలెడు. కుర్రకారు మనసు పారేసుకోవడంలో వింతేముంది!

మార్చడం నిమిషం పని. చిన్న అక్షరాల్లో సీహెచ్ఎస్‌హెచ్ అని కొట్టి, పక్కన హైఫన్ ఎస్, ఆ తర్వాత కొత్త షెల్ ఉన్న చోటు పూర్తిగా రాయాలి. పాస్‌వర్డ్ అడుగుతుంది, అంతే. లాగౌటై మళ్లీ లాగినైతే కొత్త షెల్ వస్తుంది.

మామూలు యూజర్ అయితే ‘ఈటీసీ’ డైరెక్టరీలోని ‘షెల్స్’ ఫైలులో పేరున్న వాటినే ఎంచుకోనిస్తుంది. మంచి కాపలా! రూట్ అధికారంతో చేస్తే మాత్రం ఆ అడ్డు ఉండదు. చిరునామాలో ఒక్క అక్షరం పోయినా మహా అయితే హెచ్చరించి, అలాగే రాసేసుకుంటుంది. ఇంకో పొరపాటూ మామూలే. కొన్నాళ్లకి జెడ్ షెల్ బోర్ కొట్టి దాన్ని తీసేస్తారు, లాగిన్ షెల్‌ని మళ్లీ బాష్‌కి మార్చడం మర్చిపోతారు. ఖాతా వివరాల్లో దాని పేరే ఉంటుంది, మనిషి మాత్రం ఇంట్లో లేడు!

అందుకే షెల్ మార్చాక ఉన్న విండో మూసేయొద్దు. రెండో విండోలో ఎస్‌యూ, హైఫన్, మీ యూజర్ పేరు కొట్టి చూడండి. లోపలికి వెళ్తే సరే. లేదంటే తెరిచి ఉన్న మొదటి విండోలోంచే సుడోతో బాష్‌కి మార్చేయొచ్చు. రూట్ ఖాతా షెల్ జోలికి అసలు పోవద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నారా? ఫైళ్లెక్కడికీ పోలేదు, కంగారొద్దు. ఇంట్లో అడ్మిన్ అధికారమున్న మరో ఖాతా ఉంటే అందులోంచి సుడోతో మీ షెల్ మార్చొచ్చు. అదీ లేదంటే కంప్యూటర్ ఆన్ చేసేటప్పుడు రికవరీ మోడ్‌లోకి వెళ్లి అదే పని చేయాలి.