వేరియంట్ భేదం అలంకారం కాదు

సంపాదకులకు,

విలాసవంతమైన విద్యుత్ ఎస్‌యూవీల్లో వేరియంట్ల మధ్య తేడా తోలు సీట్లకు, స్పీకర్లకే పరిమితమని, కాబట్టి కింది వేరియంట్ ఎవరికైనా చాలునని గత సంచికలోని వ్యాసం తేల్చడం సమంజసం కాదు. 2021లో వచ్చిన బీఎండబ్ల్యూ ఐఎక్స్‌నే పరిశీలిస్తే, ఎక్స్‌డ్రైవ్40లో 76.6 కిలోవాట్ అవర్ల బ్యాటరీ ఉండగా, ఎక్స్‌డ్రైవ్50లో అది 111.5 కిలోవాట్ అవర్లు. కిలోవాట్ అవర్ అంటే కరెంటు బిల్లులో కనిపించే ఒక యూనిట్. శక్తి 326 నుంచి 523 హార్స్‌పవర్‌కు పెరగడం కంటే ఈ తేడాయే ముఖ్యం, ఎందుకంటే సీటు కవర్లను తర్వాత మార్చుకోవచ్చు గాని, కొన్న బండిలో బ్యాటరీని పెంచుకోవడం యజమాని చేతిలో ఉండదు.

యూరప్ ప్రయోగశాల పరీక్షా విధానమైన డబ్ల్యూఎల్‌టీపీ ప్రకారం మొదటిదానికి 425, రెండోదానికి 630 కిలోమీటర్ల వరకు రేంజ్ ప్రకటించారు. గాలి నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది కనుక, పైగా వేసవిలో ఏసీ కూడా అదే బ్యాటరీపై నడుస్తుంది కనుక, జాతీయ రహదారిపై ఈ అంకెలు తగ్గక తప్పదు. దాదాపు 275 కిలోమీటర్ల హైదరాబాద్–విజయవాడ ప్రయాణంలో చిన్న బ్యాటరీకి మిగిలే వెసులుబాటు స్వల్పమే. నగరం దాటని కుటుంబానికి మాత్రం వ్యాసకర్త సలహా నిస్సందేహంగా సరైనదే.

ఇకపై ప్రచురించే పోలిక పట్టికల్లో సీట్ల రంగుల కంటే ముందు బ్యాటరీ సామర్థ్యాన్ని, చార్జింగ్ వేగాన్ని ఇవ్వవలసిందిగా సంపాదకవర్గానికి మనవి.

— ఒక పాఠకుడు