అమ్మ కాళ్ళ కింద చెక్కపీట

నలభయ్యేళ్ళ తర్వాత మా బాపట్ల ఇంటికి మళ్ళీ వైరింగ్ చేయిస్తున్నాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు తడిసిన వంటింటి గోడ మీది స్విచ్చు బోర్డు ముట్టుకుంటే ఇప్పటికీ జిమ్మంటుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి పెన్సిలుతో గోడల మీద గుర్తులు పెట్టాడు. హాల్లో టీవీ వెనక నాలుగు ప్లగ్గులు, పడగ్గదుల్లో ఏసీలకు విడివిడిగా లైన్లు, వరండాలో కెమెరాకి ఒకటి. వంటింట్లో రెండంటే రెండు. "మరి గ్రైండరెక్కడ పెట్టాలి, ఫ్రిజ్ ఎక్కడ పెట్టాలి?" అనడిగాను. "అన్నయ్యగారితో ఫోన్లో అంతా మాట్లాడేశాం మేడమ్" అన్నాడు. అన్నయ్య ఉండేది హైదరాబాదులో. సంక్రాంతికీ దసరాకీ వస్తాడు. వచ్చినప్పుడు మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్తాడు.

పక్కనే నిలబడ్డ అమ్మని ఎవరూ ఏమీ అడగలేదు.

పాతికేళ్ళుగా అమ్మ చెక్కపీట మీద నిలబడి గ్రైండరులో పిండి తోస్తోంది. నేల మీద నిలబడితే షాకు కొడుతుంది కనక. దేవుడి గూడు వంటింట్లోనే ఉంది కాబట్టి చెప్పులు వేసుకోకూడదు. తడినేల, తడిచేతులు, ఉత్తకాళ్ళు. "ఫ్రిజ్ తీసేముందు పీటెక్కండే" అని ఆడపిల్లలకి మాకూ అదే నేర్పింది. లోపమేమో గోడలో ఉంది, జాగ్రత్త మాత్రం మా పాదాలకి నేర్పారు! అడిగితే "అలవాటైపోయిందిలే" అంటుంది.

ఇందులో అర్థంకాని మర్మమేమీ లేదు. మూడు కన్నాల ప్లగ్గులో పైనుండే పెద్ద కన్నం ఎర్త్ కోసం. మా వంటింటి బోర్డు విప్పించి చూస్తే దాని వెనక తీగే లేదు. గ్రైండరు లోపల ఎక్కడో ఇన్సులేషన్ పాడై కరెంటు పైరేకులోకి వస్తే, అది భూమిలోకి పోవడానికి ఆ తీగ దారి. ఆ దారి లేకపోతే అమ్మే దారి. ఎంసీబీలు పెడుతున్నాం కదా అంటారు. ఎంసీబీ కాపాడేది తీగని. 16 ఆంపియర్ల ఎంసీబీకి, మనిషి ప్రాణం తియ్యడానికి చాలినంత కరెంటు లెక్కలోకే రాదు. మనిషి కోసం పెట్టేది ఆర్‌సీసీబీ. వెళ్ళిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా 30 మిల్లీ ఆంపియర్లకి చేరేసరికి సరఫరా ఆపేస్తుంది. "అది ఊరికే పడిపోతుంటుంది మేడమ్, విసుగు" అన్నాడతను. ఊరికే ఎందుకు పడుతుంది? ఎక్కడో కరెంటు కారుతూ ఉండాలి, లేదా రెండు సర్క్యూట్ల న్యూట్రల్ తీగలు కలిపేసి ఉండాలి. ఆ తప్పు వెతకడం మానేసి పరికరాన్నే పీకేసిన ఇళ్ళు మా వీధిలోనే ఉన్నాయి.

లెక్క కూడా చూడండి. లైట్లూ ఫ్యాన్ల సర్క్యూట్ ఒక్కోటీ పది పాయింట్లూ 800 వాట్లూ దాటకూడదని కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధన. 2000 వాట్ల ఇండక్షన్ పొయ్యి ఒక్కటే దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. మా వంటింట్లో ఉన్నది 5 ఆంపియర్ల ప్లగ్గు. గ్యాసు అయిపోయిన రోజున అది నల్లగా మాడిపోయింది. "అన్నీ ఒకేసారి ఎందుకు వేశావ్?" అని నాన్నగారు అమ్మని కోప్పడ్డారు.

ఇన్వర్టరు సంగతి ఇంకా చిత్రం. దానికి ఏ పాయింట్లు కలపాలో సర్క్యూట్లు విడదీసేటప్పుడే తేల్చుకోవాలి. తేల్చేశారు: హాలు, టీవీ, నాన్నగారి గది. కరెంటు పోయిన సాయంత్రాలు అందరూ ఫ్యాను కింద కూర్చుంటే అమ్మ సెల్‌ఫోను వెలుగులో పోపు పెడుతుంది. వంటింటికి ఒక్క బల్బూ ఒక చిన్న ఫ్యానూ కలిపితే ఇన్వర్టరు కుప్పకూలుతుందా?

"పిహెచ్‌డి చేసి ప్లగ్గుల గురించి రాస్తావా?" అని ఒక స్నేహితురాలు నవ్వింది. నా పరిశోధన స్త్రీవాద కవిత్వం మీద. విమల 'వంటిల్లు' గురించి సెమినార్లలో గంటలకొద్దీ మాట్లాడాను. వంటింటిని జైలన్నాను, ప్రతీక అన్నాను. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా మా అమ్మ కాళ్ళ కింద పీట ఎందుకుందని అడగలేదు. ఇంట్లో యంత్రాలు పెరిగినంత మాత్రాన ఆడవాళ్ళ చాకిరీ తగ్గలేదని రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లోనే పుస్తకం రాసింది. అది చదివి ఉల్లేఖించుకున్నదాన్నే నేను. వంటింట్లోంచి బయటపడాలనే కదా మన మాట, అక్కడ ప్లగ్గులెందుకు అనేవాళ్ళూ ఉన్నారు. బయటపడేదాకా షాకులు తినమనా?

ప్లాను మళ్ళీ గీశాం. గీసింది అమ్మే, క్యాలెండరు కాగితం వెనక. గ్రైండరు కిటికీ పక్కకి, ఫ్రిజ్జుకి వేరే లైను, ఇండక్షన్‌కి వేరే లైను, అన్నిటికీ పచ్చతీగ. నా రాతబల్ల పక్కన కూడా ఒక ప్లగ్గు గుర్తు పెట్టింది, నేనడక్కుండానే. పాయింటుకింత అని మాట్లాడుకున్నారు కాబట్టి ఖర్చు పెరుగుతుందని నాన్నగారు సణిగారు. హాల్లో వేలాడే దీపాలు రెండు తగ్గించమంది అమ్మ. దాని మీద ఇంకా వాదన నడుస్తోంది.

ఎర్తింగ్ గొయ్యి పెరట్లో తులసికోట పక్కన వద్దన్నారు నాన్నగారు. అమ్మ బావి గట్టు దగ్గర చోటు చూపించింది. ఉప్పూ బొగ్గూ తెచ్చి సోమవారం తవ్వుతామన్నారు.