ఓటుకు మాత్రమే తెలుగా?

"శ్రీరామరెడ్డి తెలుగువాళ్ళ ఓట్లతో రాజకీయం చేసినాడు, తెలుగుకు మాత్రం ఏమీ చేయలేదు." బాగేపల్లి మాట వచ్చినప్పుడల్లా మన భాషాభిమానులు కొందరు ఈ మాట అంటుంటారు. రాజకీయం బాగా తెలుసుననుకునేవాళ్ళది ఇంకో మాట: "మంచివాడే పాపం, గెలవడం చేతకాలేదు." ఆయన పోయి ఏళ్ళు గడిచినా ఈ రెండు మాటలూ పోలేదు. మొదటిదాంట్లో సగం నిజముంది. రెండోదాంట్లో అదీ లేదు. ఇందులో తేల్చుకోవలసింది ఒక మనిషి మంచిచెడ్డలు కాదు. కర్ణాటకలో ఉన్న మనం మన శాసనసభ్యుణ్ణి ఏమి అడగాలి, ఏమి అడగకుండా వదిలేస్తున్నాం అన్నది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. జి.వి. శ్రీరామరెడ్డి విద్యార్థి ఉద్యమం నుండి వచ్చిన మార్క్సిస్టు. బాగేపల్లిలో ఆ పార్టీకి పునాది అంతకు ముందే ఉంది. 1983లో ఎ.వి. అప్పస్వామిరెడ్డి ఇక్కడినుండే సి.పి.ఎం. తరఫున విధానసభకు వెళ్ళారు. శ్రీరామరెడ్డి 1994లో గెలిచారు, 1999లో ఓడిపోయారు, 2004లో మళ్ళీ గెలిచారు. గెలిచిన రెండు తడవలూ 224 మంది ఉన్న సభలో ఆయన పార్టీకి ఆయనొక్కరే. 2008, 2013, 2018 ఎన్నికల్లో ఓడారు, కాని మూడుసార్లూ రెండో స్థానం ఆయనదే. 2018లో ఆయనకు వచ్చిన ఓట్లు 50,000కు పైనే. ఆ తరువాత పార్టీకీ ఆయనకూ తెగిపోయింది. ప్రజా సంఘర్ష సమితి అని వేరుగా పెట్టుకుని తిరిగారు. 2022 ఏప్రిల్‌లో గుండెపోటుతో పోయారు.

కులబలం మీదా డబ్బు మీదా నడిచే ఎన్నికల్లో, రాష్ట్రంలో ఇంకెక్కడా బలంలేని పార్టీ గుర్తు మీద, పాతికేళ్ళు గెలుపుకో రెండో స్థానానికో తగ్గకుండా నిలబడినవాణ్ణి "గెలవడం చేతకానివాడు" అనడం అన్యాయం. ఆ 50,000 మందిలో చాలామంది కూలీలు, బగర్ హుకుం సాగుదార్లు, రెండెకరాల మెట్టలో శెనక్కాయ వేసుకునేవాళ్ళు. వానలు లేక బెంగళూరుకు పనులకు పోయి ఓటు కోసం తిరిగి వచ్చేవాళ్ళు. వాళ్ళది చేతకాని ఓటు కాదు.

ఇక తెలుగు సంగతి. నేను ఆ సభలు విన్నవాణ్ణి. బాగేపల్లిలో ఏ పార్టీ అయినా ఓటు తెలుగులోనే అడగాలి. వేరే దారి లేదు. తేడా ఎక్కడంటే, అడిగే విషయంలో. ఎర్రజెండా సభల్లో తెలుగులో వినబడిన మాటలు ఇవి: కూలి రేటు, రేషను బియ్యం, సాగువళి చీటి, కరెంటు, ఫ్లోరైడు నీళ్ళు, చెరువుల పూడిక. చదువురాని ఆడమనిషి కూడా ఆ సభ ముగిసేసరికి తన పహణిలో ఏమి తప్పుందో, ఏ ఆఫీసులో ఎవర్ని అడగాలో తెలుసుకుని లేచిపోయేది. తెలుగు అక్కడ హక్కులు అడిగే భాష. ఏ సాహిత్య సంఘమూ, ఉగాది కవి సమ్మేళనమూ మన పల్లెల్లో ఆ పని చేయలేదు. మనం కవిసమ్మేళనానికి నలభైమందిని కూడబెట్టడానికి నానా యాతన పడతాం. ఆ సభలకు జనం ఎండలో నడిచి వచ్చేవారు.

ఇప్పుడు ఎన్నికల తెలుగు ఎట్లా ఉందో చూడండి. ప్రచారానికి సినిమావాళ్ళు వస్తారు. పక్కనున్న చిక్కబళ్ళాపురంలో 2019 ఉప ఎన్నికలోనూ, 2023లోనూ హాస్యనటుడు బ్రహ్మానందం గారు ప్రచారం చేసిపోయారు. ఆయన్ని చూసి నవ్వుకోవడంలో తప్పేమీ లేదు. ఆయన గొప్ప నటుడు. కాని ఓటరుతో తెలుగులో మాట్లాడడం అంటే సినిమా డైలాగు చెప్పడమే అని అభ్యర్థులు అనుకుంటే, అట్లా అనుకోనిచ్చింది మనమే. కూలి రేటు మాట్లాడిన భాష ఇప్పుడు విజిళ్ళు వేయించుకునే భాషగా మిగిలింది. 2023లో బాగేపల్లిలో సి.పి.ఎం. మూడో స్థానానికి పడిపోయింది. ఆ పార్టీ ఓడిపోయిందని నాకు బాధ లేదు, నేను ఏ పార్టీ మనిషినీ కాను. ఆ సభలు పోయినాయే, దానికి బాధ.

భాషాభిమానుల మాటలో సగం నిజముందన్నాను కదా, దానికి వస్తాను. రెండు తడవలు శాసనసభ్యుడుగా ఉన్న మనిషి, ఊరూరా తెలుగులో మాట్లాడిన మనిషి, ఆ తెలుగును తాలూకా ఆఫీసు గడప దాటించలేకపోయారు. సభలో తెలుగు, కాగితంలో కన్నడం. ఆ రోజూ అంతే, ఈ రోజూ అంతే. పహణి చదవలేనివాడు చదివించుకోవడానికి మధ్యవర్తికి డబ్బు ఇస్తున్నాడు. కూలి సంగతి మాట్లాడేవారికి భాష సంగతి చిన్నదిగా కనిపించి ఉండవచ్చు. కాని మధ్యవర్తికి ఇచ్చే ఆ డబ్బు కూడా కూలిలోంచే పోతుంది గదా! ఇది భాషాభిమానుల గొడవ కాదు, కూలివాని గొడవ. ఎడమపక్షంవాళ్ళు దీన్ని తమ డిమాండ్లలో ముందు పెట్టి ఉండవలసింది. పెట్టలేదు.

అయితే ఈ తప్పు పట్టే హక్కు భాషాభిమానులకు ఉందా? మనం ఎప్పుడైనా ఆయనకు మహజరు రాసి ఇచ్చినామా? మన సంఘాలు శాలువాలు కప్పడానికి మంత్రుల చుట్టూ తిరిగాయి. చట్టంలో మనకేముందో చదివినవాళ్ళు మనలో ఎంతమంది?

ఏముందో చెబుతాను. 1955లో రాష్ట్రాల పునర్విభజన సంఘం, కోలారు జిల్లాలో తెలుగు మాట్లాడేవాళ్ళే ఎక్కువని తెలిసే, జిల్లాను కన్నడ రాష్ట్రంలో ఉంచమంది. ఉంచారు. దానికి బదులుగా మనలాంటి వాళ్ళకు కొన్ని రక్షణలు ఇచ్చారు. ప్రాథమిక విద్య మాతృభాషలో జరిగే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేర్చారు. బడిలో 40 మంది, లేదా తరగతిలో 10 మంది పిల్లలుంటే వాళ్ళ భాషలో చెప్పాలన్న నియమం 1949 నుండి ఉంది. ఒక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవాళ్ళు 15 నుండి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రకటనలు, నియమాలు ఆ భాషలో కూడా వేయాలని ప్రభుత్వాలే ఒప్పుకున్నాయి. బాగేపల్లి తాలూకాలో మనం ఇరవై శాతమా? ఇక్కడ తెలుగు మాట్లాడేవాళ్ళదే పెద్ద సంఖ్య!

"మనకు అన్నం పెట్టేది కన్నడం, ఎందుకు కయ్యం?" అని కొందరు పెద్దలు భయపడతారు. కయ్యం ఎవరు పెట్టుకోమన్నారు? మా పిల్లలు కన్నడం చదువుతారు, చదవాలి కూడా. కన్నడం రానివానికి ఇక్కడ ఉద్యోగం లేదు, గౌరవమూ లేదు. కన్నడం పక్కన తెలుగు అచ్చు వేయమంటున్నాం గాని కన్నడం తీసేయమనడం లేదు. శాసనసభలో తెలుగులో మాట్లాడమని కూడా నేను అడగను. 210 అధికరణం ప్రకారం సభ భాషల్లో సరిగా చెప్పుకోలేనివానికి మాతృభాషలో మాట్లాడే అనుమతి సభాపతి ఇవ్వవచ్చు. మనవాళ్ళకు కన్నడం బాగా వచ్చు, మాట్లాడనివ్వండి. కన్నడంలోనే లేచి నిలబడి, "నా తాలూకాలో ప్రకటనలు తెలుగులో ఎందుకు లేవు?" అని అడిగితే చాలు.

ఇంకొందరు ఆంధ్రవైపు చూస్తారు, అక్కడివాళ్ళు మన తెలుగును కాపాడతారని. వాళ్ళకు చిత్రావతిని గుర్తుచేస్తాను. చిక్కబళ్ళాపురం దిక్కున పుట్టి, బాగేపల్లి మీదుగా పారి, పుట్టపర్తి దాటి పెన్నలో కలిసే నది అది. దాని మీద పరగోడు దగ్గర అడ్డుకట్ట కడతామంటే 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో అనంతపురం జిల్లావాళ్ళు గట్టిగా అడ్డుపడ్డారు. 1892 నాటి మద్రాసు-మైసూరు ఒప్పందాన్ని ముందుకు తెచ్చారు. వాళ్ళ కష్టం వాళ్ళది, కిందనున్నవానికి నీళ్ళు తగ్గుతాయన్న భయం న్యాయమే. పైన ఉన్న మనదీ తాగేనీళ్ళ కష్టమే. కట్ట కావాలని ఇక్కడ పోరాడినవాళ్ళలో సి.పి.ఎం., శ్రీరామరెడ్డి ముందున్నారు. రెండు పక్కలా తెలుగువాళ్ళే, తెలుగులోనే తిట్టుకున్నారు. భాష ఒకటైనంత మాత్రాన వాళ్ళు మన తరఫున మాట్లాడరు. మన నీళ్ళయినా, మన కాగితమైనా, మన బడి అయినా అడగవలసింది బెంగళూరులో. అడగవలసినవాడు మనం ఓటేసి పంపినవాడు.

అడగకపోతే ఏమవుతుందో కూడా కళ్ళముందే ఉంది. 2025 జూలై 2న నందికొండ మీద కూర్చున్న మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చాలని నిర్ణయించింది. 'భాగ్యం' కలవడం మంచిదే. కాని ఊరిపేరు చివరనున్న 'పల్లి' మనది. ఇంటి పేరులా తరతరాలు పలికిన మాట. దాని మీద టీ అంగళ్ళ దగ్గర గొణుక్కున్నాం. గొణుగుడుకు లెక్క లేదు.

కనుక, వచ్చే ఎన్నికల్లో ఏ పార్టీ అభ్యర్థి మీ ఊరికి వచ్చినా, దండ వేసేముందు మూడు ప్రశ్నలు వేయండి. తాలూకా ఆఫీసు ప్రకటనలు కన్నడంతో పాటు తెలుగులో వేయిస్తావా? పదిమంది పిల్లలున్న తరగతిలో తెలుగు పంతులును పెట్టిస్తావా? ఈ రెండింటి మీదా మొదటి సమావేశంలోనే ప్రశ్న వేసి, జవాబు తెచ్చి మా ఊళ్ళో చదువుతావా? మూడూ తెలుగులోనే అడగండి, వాళ్ళకు బాగా అర్థమవుతుంది. ఓటు అడిగేది ఆ భాషలోనే గదా.

ఆయన తెలుగుకు ఏమీ చేయలేదనేవాళ్ళు ఈ మూడు ప్రశ్నలు రాసుకుని ఒక సభకు వెళ్ళి అడిగి రండి. అప్పుడు ఆ మాట అనండి, నేను వింటాను.