మామ ఆరు చెట్లు

మా టీమ్‌లో ఒకాయన ఆన్‌సైట్ నుంచి వస్తూ బోర్డో రెడ్ వైన్ సీసా తెచ్చాడు. తాగడం కంటే లేబుల్ చదవడానికే ఎక్కువ టైం పట్టింది. తోట పేరు, ద్రాక్ష పండిన సంవత్సరం, తోటలోనే సీసాకెత్తామన్న మాట. అక్కడి తోటలకి 1855లో ఇచ్చిన ర్యాంకులు ఇప్పటికీ నడుస్తున్నాయి. 1973లో మూటన్ రోత్‌షీల్డ్ ఒక్కటే రెండు నుంచి ఒకటికి ఎక్కింది. నూట పద్దెనిమిదేళ్లకి ఒక్క ప్రమోషన్! మా అప్రైజల్సే నయం. 1853లో ఆ తోట కొన్న కుటుంబం చేతిలోనే ఇంకా ఉంది. (మనోడు తెచ్చింది అది కాదులెండి.)

నాకు భద్రాచలం అవతల మామ చెట్లు గుర్తొచ్చాయి. చుట్టం కాదు, నాన్న అక్కడ టీచర్‌గా చేసినప్పటి పరిచయం. కోయ కుటుంబం. ఆరు జీలుగు చెట్లు, తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి మామకి. కాగితం లేదు. ఏ చెట్టు ఎవరిదో ఊరంతటికీ తెలుసు.

జీలుగు తాటిలాంటిది కాదు. పది పదిహేనేళ్లు ఊరికే పెరుగుతుంది. అప్పుడు తల దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతది దాని కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా కొన్నేళ్లు. అన్నిటికంటే కింది గెల అయిపోయిందంటే చెట్టు నిలువునా ఎండిపోతుంది. మామ వెదురు గడ మీద రోజుకి రెండుసార్లు ఎక్కి, గెల చివర పల్చగా చెక్కి కుండ తగిలిస్తాడు. పొద్దున దించింది తియ్యన. సాయంత్రానికి పులిసి ఘాటెక్కుతుంది. ఫ్రాన్స్ సీసా ఇరవై ఏళ్లైనా ఆగుతుంది, ఇది రేపటిదాకా ఆగదు. అందుకే హైదరాబాద్ కార్లే అక్కడికెళ్తాయి.

ఈ కల్లు కోసం యుద్ధమే జరిగింది. ఇంటికని గీసుకునే కల్లుని కూడా ఆబ్కారీ కిందికి తెచ్చి, పైన చిగురు పన్ను వేస్తే 1879లో రంప తిరగబడింది. ఆ మంట భద్రాచలం వైపు రేకపల్లె దాకా పాకింది. మనకి రంప అంటే అల్లూరే గుర్తొస్తాడు గానీ, ఇది ఆయన పుట్టక ముందు సంగతి.

మొన్న వెళ్తే ఆరింట్లో రెండు ఎండిపోయాయి. మూడోది కింది గెల మీదుంది. "కొత్తవి నాటలేదా మామా?" అన్నాను.

"మేం నాటేదేంది అల్లుడూ, పండు తిని పునుగుపిల్లే నాటేది. ఇప్పుడు చుట్టూ జామాయిల్ ఏసిరి. అది యాడికి వస్తది?"

అయినా వాకిట్లో ఒక మొక్క ఉంది, నా మోకాలెత్తు. మనవరాలు పుట్టినప్పుడు పెట్టాడట. అది గెల వేసేసరికి ఆయనకి డెబ్బై దాటతాయి.

ఫోన్‌లో ఆ లేబుల్ ఫొటో చూపించి తోట కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"వాళ్ల పోరగాళ్లు ఆ తోట్లోనే ఉన్నరా?"

ఉన్నారన్నాను. మామ కొడుకు హైదరాబాద్‌లో, నా రూమ్‌కి రెండు వీధుల అవతల, డెలివరీ బైక్ నడుపుతున్నాడు. మామ ఇంకేం అడగలేదు. కత్తి నూరుకుని మూడో చెట్టు వైపు నడిచాడు.