6.8 అని తీసిపారేస్తున్నారా?

సర్వర్ అడ్మిన్ ఉద్యోగానికి సిద్ధమవుతున్నారా? అయితే సర్టిఫికెట్ల సంగతి కాసేపు పక్కన పెట్టి ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. కంపెనీ యాక్టివ్ డైరెక్టరీలో నిన్నటిదాకా లేని గ్రూపు ఒకటి ఈ రోజు కనిపించింది. పేరు ‘ఈఎస్ఎక్స్ అడ్మిన్స్’. ఏం చేస్తారు?

‘ఎవరో సీనియర్ పెట్టి ఉంటార్లే’ అని వదిలేసేవాళ్లే ఎక్కువ. అక్కడే కొంప మునుగుతుంది.

2024 జులై చివర్లో మైక్రోసాఫ్ట్ బయటపెట్టిన లోపం ఇది. వీఎంవేర్ ఈఎస్ఎక్స్ఐ అంటే తెలుసుగా, ఒకే సర్వర్ మీద పదుల కొద్దీ వర్చువల్ మెషీన్లను నడిపించే సాఫ్ట్‌వేర్. దాన్ని డొమైన్‌లో కలిపితే, ఆ పేరున్న గ్రూపులోని సభ్యులందరికీ పూర్తి అడ్మిన్ హక్కులు ఇచ్చేస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ గ్రూపు డైరెక్టరీలో మామూలుగా ఉండదు. దాన్ని ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అని ఈఎస్ఎక్స్ఐ చూడదు. పేరు కలిస్తే చాలు, తలుపు తీసేస్తుంది. గ్రూపులు తయారుచేసే హక్కున్న ఒక్క ఖాతా దొంగ చేతికి చిక్కితే రెండు కమాండ్లతో పని అయిపోతుంది. ఉన్న గ్రూపు పేరు మార్చినా సరిపోతుంది. ఆ తర్వాత సర్వర్ డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేస్తే దాని మీదున్న మెషీన్లన్నీ ఒకేసారి ఆగిపోతాయి. అకీరా, బ్లాక్ బాస్టా రాన్సమ్‌వేర్ దాడుల్లో ఈ దారి వాడారు.

ఇంతటి లోపానికి బ్రాడ్‌కామ్ ఇచ్చిన స్కోరు 6.8. అంటే ‘మధ్యస్థం’. దాడి చేసేవాడికి డొమైన్‌లో ముందే కొంత పట్టు ఉండాలి కాబట్టి లెక్క ప్రకారం అది తప్పేం కాదు. కానీ 7 దాటితేనే అర్జంట్ అనుకునే టీమ్‌లో ఇది ఎక్సెల్ షీట్ అడుగున పడి ఉంటుంది. స్కోరును చూసి పని వరస నిర్ణయించడం గుమాస్తా పని అని నా అభిప్రాయం. మన దగ్గర ఆ సర్వర్లు డొమైన్‌లో ఉన్నాయా, గ్రూపులు పెట్టే హక్కు ఎందరికి ఉంది అని అడిగేవాడే ఇంజినీర్.

‘ప్యాచ్ వేస్తే సరి’ అనడమూ సగం జవాబే. దిద్దుబాటు 8.0 అప్‌డేట్ 3లో వచ్చింది. 7.0 వాడేవాళ్లకు ప్యాచ్ ఇవ్వలేదు. వాళ్లు ఆ గ్రూపును తనంతట తానే అడ్మిన్‌గా చేర్చుకునే సెట్టింగ్‌ను ఆపేసి, డిఫాల్ట్ పేరు తీసేయాలి. అసలు డొమైన్‌తో కలపాల్సిన అవసరం లేకపోతే ఇంకా మంచిది.

ఇక కష్టమైన భాగం. అప్‌డేట్ చేయాలంటే సర్వర్ రీబూట్ కావాలి, మెషీన్లను వేరే సర్వర్‌కి తరలించాలి. ‘నెలాఖరు బిల్లింగ్ నడుస్తోంది, తర్వాత చూద్దాం’ అంటాడు మేనేజర్. ఫ్రెషర్ కదా, మీరు నోరు మూసుకుంటారు. మూసుకోవద్దు. ‘సరే సార్, అప్పటిదాకా సెట్టింగ్ మారుస్తాను, అనుమతి ఇవ్వండి’ అని మెయిల్‌లో రాసి పెట్టండి. రేపు గొడవైతే మిమ్మల్ని కాపాడేది ఆ మెయిలే.

ఇంట్లోనే సాధన చేయొచ్చు. విండోస్ సర్వర్ 180 రోజుల ట్రయల్ ఉచితం. ఒక డొమైన్ కట్టి, ఆడిటింగ్ ఆన్ చేసి, ఆ పేరుతో గ్లోబల్ గ్రూపు పెట్టండి. సెక్యూరిటీ లాగ్‌లో 4727 వస్తుంది. సభ్యుణ్ని చేరిస్తే 4728. ఈ రెండూ కనబడగానే మీ ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా స్క్రిప్ట్ రాయండి. రెజ్యూమెలో ‘వీఎంవేర్ తెలుసు’ అన్న లైన్ తీసేసి ఇది పెట్టండి. ఇంటర్వ్యూలో తర్వాతి అరగంట దీని మీదే నడుస్తుంది.