పెంపుడు ప్రాణికి ప్రతిరూపం

మానవునికీ మూగజీవాలకూ గల అనుబంధం అతి ప్రాచీనమైనది. కుక్క అతని ఇంటికి కావలి కాసింది. వేటలో తోడు నిలిచింది. పశువుల మందను కాపాడింది. నగర జీవితంలో ఆ అనుబంధం సన్నగిల్లలేదు, రూపం మాత్రం మార్చుకొంది. హైదరాబాదులోని చిక్కడపల్లి, అశోక్‌నగర్ వంటి ప్రాంతాల అపార్టుమెంట్లలో నేడు కుక్క కేవలం కావలికాపరి కాదు, కుటుంబంలో ఒక సభ్యుడు. పిల్లలు ఉద్యోగాల నిమిత్తం దూరదేశాలకు వెళ్ళిపోయిన ఇళ్ళలో వృద్ధ దంపతులను గుమ్మంలో ఎదురువచ్చి పలకరించేది అదే. నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు వచ్చేవారిలో, జబ్బుపడిన కుక్కను బిడ్డవలె ఒడిలో పెట్టుకొని కూర్చున్నవారు కనిపిస్తారు.

అయితే కుక్క ఆయుర్దాయం సాధారణంగా పది, పదిహేనేళ్ళకు మించదు. పెంచినవారి కళ్ళముందే అది ముసలిదై, కన్నుమూస్తుంది. ఆ శోకాన్ని ఇరుగుపొరుగువారు 'కుక్కే కదా' అని తేల్చివేయవచ్చు. కాని అనుభవించేవారికి అది చిన్న దుఃఖం కాదు. ఆ దుఃఖానికి ఆధునిక విజ్ఞానశాస్త్రం ఒక ఆశను చూపుతోంది. మరణించిన జంతువు కణం నుండి దాని ప్రతిరూపాన్ని సృష్టించవచ్చునని అంటోంది. దానినే క్లోనింగ్ అంటారు. సాధ్యమైన ఈ పని చేయదగినదేనా అన్నది ఆలోచించవలసిన ప్రశ్న.

క్లోనింగ్ విధానం స్థూలంగా ఇది. ఒక ఆడ జంతువు నుండి అండకణాన్ని సేకరించి, దానిలోని కేంద్రకాన్ని తొలగిస్తారు. ప్రతిరూపం కావలసిన జంతువు శరీరకణాన్ని గాని, ఆ కణంలోని కేంద్రకాన్ని గాని ఆ అండంలో చేర్చి, విద్యుత్ ప్రేరణ ఇస్తారు. విభజన చెందసాగిన పిండాన్ని మరొక ఆడ జంతువు గర్భంలో ప్రవేశపెడతారు. 1996 జూలైలో స్కాట్లాండులో డాలీ అనే గొర్రెపిల్ల ఈ విధంగానే జన్మించింది. 277 అండాలతో చేసిన ప్రయత్నంలో దక్కినది ఆ ఒక్కటే. 2001 డిసెంబరులో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో 'సీసీ' అనే పిల్లి, 2005లో దక్షిణ కొరియాలోని సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో 'స్నప్పీ' అనే కుక్క జన్మించాయి.

ప్రయోగశాలలో సాధ్యమైనది అంగడికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. 2004లో అమెరికాలో ఒక మహిళ మరణించిన తన పిల్లికి ప్రతిరూపం కోసం 50 వేల డాలర్లు చెల్లించింది. ప్రసిద్ధ గాయని బార్బ్రా స్ట్రైసాండ్ తన కుక్క కణాల నుండి రెండు కుక్కపిల్లలను పొందినట్లు 2018లో ప్రకటించింది. అప్పట్లో అమెరికాలో కుక్క క్లోనింగుకు అయ్యే ఖర్చు కూడా 50 వేల డాలర్లే. మన రూపాయలలో అది లక్షల మాట.

అంత సొమ్ము వెచ్చించినవారికి దక్కేదేమిటి? పోయిన ప్రాణి తిరిగి వస్తుందా? సీసీ కథ ఇందుకు సమాధానం చెబుతుంది. దానికి కణాన్ని ఇచ్చిన తల్లిపిల్లి ఒంటిమీద మూడు రంగులుండేవి. సీసీకి నారింజరంగు రానేలేదు. జన్యువులు అవే అయినా, పిండం ఎదిగేటప్పుడు వాటిలో ఏవి పనిచేయాలి, ఏవి మౌనంగా ఉండాలి అన్నది ప్రతి జీవిలోనూ వేరుగా నిర్ణయమవుతుంది. ఒంటిరంగే మారగా ఇక స్వభావం మాట చెప్పవలసిన పని లేదు. కవలపిల్లలు ఒకే పోలికతో పుట్టినా ఇద్దరు మనుషులే గాని ఒక్కరు కారు. క్లోనింగ్ ద్వారా పుట్టినది ఆలస్యంగా జన్మించిన కవల మాత్రమే. మొదటి కుక్కకు తెలిసిన వీధి మలుపు దీనికి తెలియదు. యజమాని జ్వరపడిన రాత్రి మంచం పక్కన మేలుకొని ఉన్న జ్ఞాపకం దీనికి ఉండదు. ఆ జ్ఞాపకాలు కణంలో నిక్షిప్తమై లేవు. కలిసి గడిపిన కాలంలో ఉన్నాయి. కాలాన్ని క్లోనింగ్ చేయగల ప్రయోగశాల లేదు.

ఇంతకన్న ముఖ్యమైన విషయం మరొకటి ఉన్నది. స్నప్పీ జన్మించడానికి శాస్త్రజ్ఞులు 1,095 పిండాలను 123 ఆడకుక్కల గర్భాలలో ప్రవేశపెట్టారు. వాటిలో మూడు మాత్రమే గర్భం దాల్చాయి. పుట్టిన పిల్లలు రెండు. వాటిలో ఒకటి మూడు వారాలకే న్యుమోనియాతో మరణించింది. కుక్కల అండాలు అపరిపక్వ స్థితిలో విడుదలవుతాయి కనుక, వాటిని సరైన సమయంలో శస్త్రచికిత్స చేసి సేకరించవలసి వచ్చింది. అంటే ఒక యజమాని కంటితడి ఆరడానికి ఎన్నో ఆడకుక్కలు కత్తికి గురికావలసి వస్తుంది. వాటికి పేర్లు లేవు. వాటికోసం ఏడ్చే యజమానులు లేరు.

ఆంధ్ర మహాభారతం ఆదిపర్వంలో నన్నయ సరమ వృత్తాంతాన్ని చెప్పాడు. యజ్ఞభూమిలో ఆడుకొంటున్న సారమేయుడనే కుక్కపిల్లను జనమేజయుని తమ్ములు కొట్టగా, దాని తల్లి సరమ ఆ మహారాజు సన్నిధికే వచ్చి నిలదీసింది. దుర్బలులకు కీడు చేసేవారికి అనుకోని ఆపదలు తప్పవని హెచ్చరించింది. ఆ 123 తల్లుల తరఫున నిలదీయడానికి ఏ సరమ రాగలదు? ఒక జంతువుపై ప్రేమ మరికొన్ని జంతువుల బాధకు కారణమైనప్పుడు, దానిని జంతుప్రేమ అనవచ్చునా?

క్లోనింగును సమర్థించేవారి వాదనలను కూడా తోసిపుచ్చరాదు. ఎవరి ధనం వారి ఇష్టమని వారంటారు. కాలక్రమంలో ఈ విధానం మెరుగుపడి, వైఫల్యాలు తగ్గాయని చెబుతారు. అది నిజమే. కాని ఎంత మెరుగుపడినా అండాన్ని ఇచ్చే తల్లి, గర్భాన్ని మోసే తల్లి అవసరం తీరిపోలేదు. ధనం యజమానిదే కావచ్చు. ఆ తల్లుల దేహాలు మాత్రం అతనివి కావు.

దీనివల్ల క్లోనింగ్ విద్యే నిష్ప్రయోజనమని తలచరాదు. హర్యానాలోని కర్నాల్‌లో ఉన్న జాతీయ పాడి పరిశోధన సంస్థ 2009లో గేదె దూడను, 2023లో గిర్ జాతి ఆవుదూడను క్లోనింగ్ ద్వారా సృష్టించింది. మేలుజాతి పాడిపశువుల అభివృద్ధి దాని ఆశయం. మన హైదరాబాదులోని సి.సి.ఎం.బి.కి డాక్టర్ లాల్జీ సింగ్ సంచాలకులుగా ఉన్న కాలంలో, భారతదేశంలో అంతరించిపోయిన చీతాను క్లోనింగ్ ద్వారా తిరిగి తెచ్చే ఆలోచన సాగింది. ఇరాన్ తన చీతాల కణాలను ఇవ్వడానికి అంగీకరించకపోవడంతో అది ముందుకు సాగలేదు. ఆ ప్రయత్నాల మంచిచెడ్డలనూ తూచవలసినదే. అయినా పాడిపశువుల అభివృద్ధి ఎందరికో ఉపకరించేది. జాతి రక్షణ ప్రకృతికి సంబంధించినది. మరణించిన ఒక కుక్కను మరచిపోలేక మరొక కుక్కకు దాని ముఖాన్ని తొడగడం ఆ కోవకు చెందదు.

మరొకవైపు చూస్తే, మన నగర వీధులలో యజమాని లేని కుక్కలకు కొదవ లేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం పరిసరాలలోనో, అశోక్‌నగర్ టీ కొట్ల దగ్గరో, పోటీపరీక్షలకు చదువుకొనే యువకులు వేసే బిస్కెట్టు ముక్కకు తోక ఆడించే కుక్కలూ ఆ కోవలోనివే. సకాలంలో సంతాన నిరోధక శస్త్రచికిత్సలు, టీకాలు అందక వాటి సంఖ్య పెరిగితే కలిగే అనర్థం కూడా నగరానికి తెలుసు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో ఒక పసిబాలుడు వీధికుక్కల దాడిలో ప్రాణాలు కోల్పోయాడు. ఒక ప్రతిరూపానికి వెచ్చించే సొమ్ముతో ఎన్ని కుక్కలకు శస్త్రచికిత్సలు చేయించవచ్చునో, ఎన్నింటికి టీకాలు వేయించవచ్చునో ఆలోచించాలి. పోయిన కుక్క ఖాళీచేసిన చోటులో ఒక వీధికుక్క పిల్లకు ఆశ్రయమిస్తే, ఒక ఇంటి దుఃఖమూ ఒక ప్రాణి ఆకలీ కొంత తీరుతాయి.

మహాప్రస్థానంలో ధర్మరాజు తనను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గానికి రానన్నాడు. దానికి బదులు మరొకటి దొరుకుతుందని అతడు ఊరడిల్లలేదు. ప్రేమ అంటే ఈ ఒక్క ప్రాణికి బదులు లేదని తెలుసుకోవడమే. బదులు లేనిదానికి ప్రతిరూపం కోరడం ఆ ప్రేమను తక్కువ చేయడమే అవుతుంది. బ్రతికి ఉన్నంతకాలం ఆదరించడం, పోయిన తరువాత స్మరించడం, ఆ మమతను మరొక దిక్కులేని ప్రాణికి పంచడం - మనిషికి ఉచితమైన మార్గం ఇదే.